చివరి పేజీలో వూరి పేరు

ఆ మధ్య గుడివాడలో బంధువులింట పెళ్ళికి వెళ్ళాను. భోజనాలయి అందరం అరుగుమీద చేరి తాంబూలాలు వేసుకుంటూ వుండగా మా పెద్దత్తయ్య నన్ను పట్టుకొన్నది. ఆవిడకు తొంభై దాటాయి. చూపు మందగించింది గాని మాట మందగించలేదు.

"ఏరా, నువ్వు ప్లీడరువే గదా?"

"అవునత్తయ్యా."

"మీ నాన్న రోజూ పదింటికల్లా నల్లకోటు భుజాన వేసుకొని బందరు కోర్టుకు వెళ్ళేవాడు. నువ్వేమో కోర్టు గుమ్మం తొక్కవుట. విమానమెక్కి సింగపూరో లండనో వెళ్ళి, హోటల్లో కూర్చుని వస్తావుట. ఇదేం ప్లీడరీరా?"

అరుగుమీద వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఆవిడ అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు తోచలేదు. చమురు, గ్యాసు, కరెంటు వ్యాపారాలలో దేశాలమధ్య, కంపెనీలమధ్య వచ్చే తగాదాలను మధ్యవర్తుల ముందు వాదించే పని నాది అని ఒక్క ముక్కలో చెప్పవచ్చు. ఆ ముక్క అత్తయ్యకు అర్థమవుతుందా? ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, ఆవిడకు అర్థం కాని సంగతి అందులో ఏదీ లేదనిపించింది. ఆ జవాబే యిక్కడ రాస్తున్నాను.

నాన్నగారి పాఠం

మాది దివిసీమ. నాన్నగారు బందరులో ప్లీడరు. ఇంటి ముందు వరండాయే ఆఫీసు. మొదటి బస్సుకు అవనిగడ్డ, కోడూరు, నాగాయలంకల నుంచి కక్షిదారులు వచ్చి వరండాలో బల్లలమీద కూర్చునేవారు. ఒక చేతిసంచీలో కాగితాల కట్ట, ఇంకొక సంచీలో పెరటి వంకాయలో, ఒక అరటి హస్తమో. ఫీజు తరువాత మాట.

ఎక్కువగా లంక భూముల తగాదాలు. కృష్ణమ్మ ఒక వరదలో ఒకడి లంకను కోసుకుపోయి మరో వరదలో అవతలివాడి గట్టున మేట వేస్తుంది. "నా భూమి నీ వైపు వచ్చింది" అంటాడు ఇతడు. "నేను తెచ్చుకోలేదు, ఏరు ఇచ్చింది" అంటాడు అతడు. ఈ మాటను పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలి. దీనితో తరువాత పని వున్నది.

అన్నీ కోర్టుకెక్కేవి కావు. ముప్పాతిక మువ్వీసం తగాదాలను నాన్నగారే పెద్దమనుషుల దగ్గరకు పంపేవారు. ఆ పద్ధతి మీకందరికీ తెలిసిందే. ఈ పక్షం వారు ఒకరిని ఎన్నుకొంటారు, ఆ పక్షం వారు ఒకరిని. ఆ యిద్దరూ కలిసి మూడోవాడిని కూర్చోబెట్టుకొంటారు. రామాలయం మంటపంలో చాప పరచి, ఇరువైపులా చెప్పేది విని, ఒక తీర్మానం రాసి సంతకాలు చేస్తారు. 1940 నాటి మధ్యవర్తిత్వ చట్టం కింద ఆ తీర్మానాన్ని కోర్టులో దాఖలుచేసి డిక్రీగా మార్చుకొనే వీలుండేది.

నేను సన్నదు పుచ్చుకొన్న మరుసటి ఏడు, 1977 నవంబరు 19న, దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పదివేలమంది దాకా పోయారని లెక్కలు చెప్పాయి. నీరు తీశాక నాన్నగారితోపాటు నేనూ వెళ్ళాను. పొలాల గట్లు లేవు. హద్దు రాళ్ళు లేవు. కొన్ని ఇళ్ళలో మనుషులే లేరు. దస్తావేజులన్న మాట అడగటానికి నోరు రాలేదు. మిగిలిన నలుగురు ముసలివాళ్ళు ఒకచోట కూర్చుని, "ఇక్కడ తుమ్మచెట్టు వుండేది, దాని పడమటి పక్క ఫలానావాడి చేను" అని జ్ఞాపకం చేసుకొంటూ హద్దులు చెబుతుంటే నాన్నగారు రాసుకొన్నారు. మనిషి మాటమీద నమ్మకంతోనే ఆ కాగితాలన్నీ మళ్ళీ పుట్టాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన నాతో అన్నారు: "కాగితం మాటకు బదులు రాదురా. కాని మాట చెప్పేవాడు లేనినాడు కాగితమే దిక్కు. అందుకని కాగితాన్ని వెనకనుంచి చదవటం నేర్చుకో. ముందు పేజీలలో ఆశలు రాస్తారు. తగాదా వస్తే ఏమిటన్నది చివరి పేజీలో వుంటుంది. మనకు ఫీజు యిచ్చేది ఆ చివరి పేజీకే."

విన్నాను. తల వూపాను. ఇరవైయేళ్ళ తరువాత మరచిపోయాను.

నేను చేసిన తప్పు

1998లో గుడివాడ నుంచి నాన్నగారి పాత కక్షిదారు ఒకాయన వచ్చాడు. రైస్‌మిల్లు యజమాని. నాన్నగారు అప్పటికి లేరు. నాన్నగారు పెద్ద ప్లీడరుగారు, నేను చిన్న ప్లీడరుగారు, ఆయన లెక్కలో.

మిల్లు వెనక ఊక గుట్టలుగా పడి వుండేది. దానిని మండించి ఆవిరి పుట్టించి, ఆవిరితో టర్బైను తిప్పి కరెంటు తీయాలని ఆయన వూహ. మంచి వూహే. ఆ రోజుల్లో అలాంటి చిన్న విద్యుత్కేంద్రాలకు ప్రోత్సాహం వుండేది, బాంకులు అప్పులిచ్చేవి. టర్బైను ఒక విదేశీ కంపెనీ నుంచి వస్తుంది. ఒప్పందం అరవై పేజీలు. "ఒకసారి చూసి పెట్టండి" అని నా బల్లమీద పెట్టాడు.

చూశాను. ధర చూశాను, ఎప్పటికి పంపుతారో చూశాను, పూచీ ఎన్నాళ్ళో చూశాను. చివరి పేజీకి వచ్చేసరికి మధ్యాహ్నం భోజనం వేళయింది. తగాదా వస్తే లండనులో ముగ్గురు మధ్యవర్తులు ఇంగ్లీషు చట్టం ప్రకారం తీర్పు చెప్పాలని ఒక పేరా వున్నది. "ఇది అన్ని ఒప్పందాలలోనూ వుండేదే లెండి. పెళ్ళినాడే విడాకుల మాట ఎందుకు?" అన్నాను. ఆయన నవ్వి సంతకం చేశాడు.

రెండో ఏడు టర్బైను చెప్పినంత కరెంటు ఇవ్వటం మానేసింది. మన ఊకలో బూడిద ఎక్కువని వాళ్ళు, యంత్రమే లోపమని మనం. ఉత్తరాలు నడిచాయి. చివరకు గుడివాడ కోర్టులో దావా వేశాను. అవతలి ప్లీడరు లేచి చివరి పేజీ చదివాడు, అంతే. 1996 నాటి కొత్త చట్టం ప్రకారం, అలాంటి షరతు వున్నప్పుడు కోర్టు ఇరుపక్షాలనూ మధ్యవర్తుల దగ్గరకు పంపాలి. పంపింది.

లండను ఖర్చు లెక్క కట్టాం. మధ్యవర్తుల ఫీజులు, అక్కడి వకీళ్ళ ఫీజులు, గది అద్దె, నిపుణుడి నివేదిక, సాక్షుల ప్రయాణాలు. మనం అడగదలచిన సొమ్ములో ముప్పాతిక భాగం అడగటానికే అయ్యేట్టున్నది. ఓడిపోతే అవతలివారి ఖర్చులు కూడా నెత్తిన పడవచ్చు. ఆయన రెండు రోజులు ఆలోచించి, కంపెనీ యిస్తానన్న కొద్దిపాటి డబ్బుకు ఒప్పుకొన్నాడు. బాంకు బాకీకి ఎనిమిదెకరాల మాగాణి అమ్మాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. అని వుంటే నేను బందరులోనే వుండిపోయేవాణ్ణేమో.

నలభై అయిదేళ్ళు దాటిన వయసులో మళ్ళీ పుస్తకం పట్టాను. పెళ్ళాం పిల్లలను బందరులో వుంచి, ఢిల్లీలో చమురు కంపెనీల కేసులు చూసే ఒక సీనియరు దగ్గర జూనియరుగా చేరాను. అక్కడి జూనియర్లకు నా కొడుకు వయసు. వాళ్ళు నన్ను "అంకుల్" అనేవారు. సీనియరు మాత్రం, "చివరి పేజీలు ఆయనకివ్వండి" అనేవాడు.

కోర్టు కాని కోర్టు

మొదటిసారి లండను వెళ్ళినప్పుడు నేను వూహించుకొన్నది ఒకటి, చూసింది ఒకటి. జడ్జి పీఠం లేదు, బంట్రోతు లేడు, పిలుపు లేదు. ఒక పొడుగాటి గది. మధ్యలో బల్లలు. ఒక పక్క ముగ్గురు మధ్యవర్తులు, మామూలు సూట్లలో. ఇరువైపులా వకీళ్ళు. గోడవారన ఫైళ్ళు, మనిషెత్తు. మాట్లాడుతున్న మాట మాట్లాడినట్టే ఎదుటి తెరమీద అచ్చయి వస్తుంది. నోరు జారితే దాచుకోవటానికి లేదు.

సాక్షులు చెప్పవలసింది ముందే రాతమూలకంగా యిచ్చేస్తారు. గదిలో జరిగేది చాలావరకు క్రాసే. రెండు వైపుల యింజనీర్లనూ పక్కపక్కనే కూర్చోబెట్టి, "మీరిద్దరూ ఎక్కడ విడిపోతున్నారో చెప్పండి" అని మధ్యవర్తులే అడగటం కూడా వున్నది. ఒక్కొక్క పక్షానికి ఇన్ని గంటలని ముందే పంచుతారు. చదరంగం ఆటలో గడియారం మాదిరిగా, మీరు మాట్లాడినంతసేపూ మీ గంటలు తరిగిపోతాయి. మన కోర్టులలోలాగా వాయిదా అడిగితే నవ్వుతారు.

ఇదంతా చూసి మొదటి రోజు బెదిరిపోయాను. రెండో రోజు మధ్యాహ్నం ఒక సంగతి స్ఫురించింది. ఈ పక్షం ఒకరిని ఎన్నుకొన్నది, ఆ పక్షం ఒకరిని. ఇద్దరూ కలిసి మూడోవారిని కూర్చోబెట్టుకొన్నారు. రామాలయం మంటపమే గదా యిది! చాపకు బదులు తివాచీ పరిచారు.

అయితే ఒక ప్రశ్న. రామాలయంలో తీర్మానం కాదన్నవాడికి వూళ్ళో నీళ్ళు పుట్టవు. లండనులో చెప్పిన మాటను ఇంకో దేశంలో ఎవరు వింటారు?

దీనికి మన బందరు రేవులోనే ఒక పాత కథ వున్నది. 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషు కంపెనీ వర్తకులు బందరు వచ్చారు. వారిలో ఫ్లోరిస్ అనే ఆయనకు ఇక్కడి అధికారి నుంచి బాకీ రావలసి వుండి, అడిగి అడిగి విసిగిపోయి, 1614లో ఆ అధికారి కుమారుణ్ణే పట్టుకొని ఓడ ఎక్కించాడు. బాకీ ముట్టాక దించాడు. ఆనాటి వసూలు విధానం అది.

ఈనాటి విధానం 1958 జూన్ 10న న్యూయార్కులో కుదిరిన ఒక ఒడంబడిక. ఒక దేశంలో మధ్యవర్తులు యిచ్చిన తీర్పును, మరీ విపరీతమైన లోపముంటే తప్ప, మిగతా దేశాల కోర్టులు అమలు జరపాలి. మనదేశం 1960లో అందులో చేరింది. ఇప్పుడు 170కి పైగా దేశాలున్నాయి. ఎవరి కొడుకునూ ఓడ ఎక్కించనక్కరలేదు.

ఈ వృత్తిలో గుట్టు ఒక ధర్మం. నేను పనిచేసిన కేసుల పేర్లు మా ఆవిడకు కూడా చెప్పలేదు. అందుకని కోర్టు తీర్పులుగా అచ్చయి, లోకానికంతా తెలిసిన రెండు తగవులను చెబుతాను. ఆ రెంటిలోనూ నేను లేను. చదివినవాణ్ణి మాత్రమే. రెండూ మన కడుపులో పుట్టిన తగవులు.

కళ్ళం మీద లెక్క

కృష్ణా గోదావరులు లక్షల ఏళ్ళుగా తెచ్చి సముద్రంలో పోసిన ఒండ్రు, ఇసుక పొరల కింద చమురు, గ్యాసు నిలవ వున్నాయి. కైకలూరు, లింగాల ప్రాంతాలలో నేలమీదనే ఓఎన్‌జీసీ గ్యాసు తీసింది. కోనసీమ తీరాన సూరసాని యానాం ఎదుట సముద్రంలో రవ్వ అనే క్షేత్రం వున్నది. 1994 అక్టోబరు 28న కేంద్రప్రభుత్వానికీ కొన్ని కంపెనీలకూ రవ్వ మీద 25 ఏళ్ళ ఒప్పందం కుదిరింది. ఓఎన్‌జీసీకి నూటికి 40, వీడియోకాన్‌కు 25, కెయిర్న్‌గా తరువాత పేరుపడ్డ కంపెనీకి 22.5, రవ్వ ఆయిల్‌కు 12.5 వంతులు.

దీని పద్ధతి డెల్టా రైతుకు చెప్పనక్కరలేదు. పాలు సేద్యం. భూమి ప్రభుత్వానిది, సేద్యం కంపెనీలది. పంట కళ్ళానికి వచ్చాక ముందు పెట్టుబడి తీసుకొని, మిగిలిన రాశిని పంచుకోవాలి. మరి కళ్ళంలో పోట్లాట ఎక్కడ వస్తుంది? పంచుకొనేచోట కాదు. "పెట్టుబడి ఎంత?" అన్నచోట వస్తుంది. పాలుకాపు ఖర్చు హెచ్చు చెప్పినకొద్దీ కామందు వాటా తగ్గుతుంది. ఈ పోలికను ఒకసారి మా సీనియరుకు చెబితే మర్నాడు వాదనలో వాడుకొన్నాడు. మధ్యవర్తి ఒకాయన కలం తీసి రాసుకోవటం నేను చూశాను.

రవ్వలో వచ్చిందీ అదే. మొదటి అభివృద్ధి ఖర్చు కింద 18.898 కోట్ల డాలర్లు, దానిమీద నూటికి అయిదు వరకే ముందుగా తీసుకోవచ్చునని ఒప్పందంలో ఒక హద్దు రాశారు. ఖర్చు హద్దు దాటింది. దాటినది మాకు రాదా అని కంపెనీలు, రాదని ప్రభుత్వం. మధ్యవర్తులు 2011 జనవరిలో సుమారు 27.8 కోట్ల డాలర్ల మేరకు కంపెనీల మాట నిలబెట్టారు.

ఇక్కడ చివరి పేజీ ప్రవేశిస్తుంది. ఒప్పందంలో రాసిన వూరు కౌలాలంపూర్. కాబట్టి తీర్పును కొట్టివేయమని అడగాలంటే మలేషియా కోర్టులనే అడగాలి. మన ప్రభుత్వం అక్కడ అన్ని మెట్లూ ఎక్కి దిగింది. 2016 నాటికి ఆ దారి ముగిసింది. మన దేశంలో చేయగలిగిందల్లా ఆ తీర్పును అమలు జరపవద్దనటమే. దానికి 2020 సెప్టెంబరు 16న సుప్రీంకోర్టు కాదన్నది. ఆ ముగ్గురు న్యాయమూర్తులలో ఒకరైన జస్టిస్ ఎస్. అబ్దుల్ నజీర్‌గారే 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు. తగవు తీరేనాటికి ఒప్పందపు మొదటి 25 ఏళ్ళ గడువు కూడా తీరిపోయింది.

వూరి పేరు ఎంత గట్టిదో చెప్పే మరో ముచ్చట కూడా రవ్వదే. ఇంకో తగవులో 2003లో మధ్యవర్తులు కౌలాలంపూర్‌లో కూర్చోవలసి వుండగా అక్కడ సార్స్ జ్వరం వచ్చింది. సరేనని విచారణ ఆంస్టర్‌డాంకు, ఆ తరువాత లండనుకు మారింది. అయితే ఆ తగవు యిప్పుడు ఏ దేశపు కోర్టు కిందికి వస్తుంది? 2011లో సుప్రీంకోర్టు చెప్పింది: ఒప్పందం చేసుకొన్న వారందరూ సంతకాలు పెట్టి మార్చుకొంటే తప్ప, మనుషులు ఎక్కడ కూర్చున్నా వూరు మాత్రం కౌలాలంపూరే. పెళ్ళి గుడివాడలో చేసినా పిల్ల బందరు పిల్లేనన్నట్టు!

గట్టు కింద చేపలు

రెండో తగవు అందరూ పేపర్లలో చూసినదే. కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో రిలయన్స్ కంపెనీ వారి డి-6 క్షేత్రం నుంచి 2009 ఏప్రిల్‌లో గ్యాసు రావటం మొదలయింది. దాని పక్కనే ఓఎన్‌జీసీ వారి క్షేత్రాలు. మన క్షేత్రాల గ్యాసు పక్కవారి బావులలోకి పోతున్నదని ఓఎన్‌జీసీ 2013లో అన్నది. మరుసటి ఏడు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. అమెరికా నిపుణులు పరీక్షించి 2009 నుంచి 2015 మార్చి వరకు సుమారు 1,100 కోట్ల ఘనమీటర్ల గ్యాసు అటు తరలిందని 2015లో నివేదిక యిచ్చారు.

కైకలూరు వైపు వారికి యిది కొత్తగాదు. పక్కపక్కన రెండు చేపల చెరువులు. మధ్య గట్టుకు అడుగున బొరియ పడి నా చెరువులో చేపలు నీ చెరువులోకి వచ్చాయి. నువ్వు నా గట్టు ఎక్కలేదు, నీ చెరువులోనే వల వేశావు. ఆ చేపలు ఎవరివి? దివిసీమ లంకల తగాదా కూడా యిదే గదా: నేను తెచ్చుకోలేదు, ఏరు ఇచ్చింది!

ప్రభుత్వం 2016 నవంబరులో 155 కోట్ల డాలర్లు కట్టమని కంపెనీని, దాని భాగస్వాములను అడిగింది. తగవు మధ్యవర్తులకు వెళ్ళింది. 2018 జూలైలో ముగ్గురిలో ఇద్దరు కంపెనీల పక్షాన చెప్పారు. తన హద్దులో తాను బావి వేసుకొని తీసిన గ్యాసు ఎటునుంచి వచ్చిందని ఒప్పందం అడగటం లేదన్నారు. పైగా ఖర్చుల కింద 83 లక్షల డాలర్లు ప్రభుత్వమే యివ్వాలన్నారు. మూడో ఆయన విభేదించారు.

కాని యీ మధ్యవర్తిత్వానికి స్థానం మనదేశమే. అందుకని తీర్పును కొట్టివేయమనే మాట ఢిల్లీ హైకోర్టులోనే చెల్లింది. 2023 మేలో ఒక న్యాయమూర్తి ఆ తీర్పును నిలబెట్టారు. 2025 ఫిబ్రవరి 14న యిద్దరు న్యాయమూర్తుల బెంచి దాన్ని కొట్టివేసింది. మార్చిలో ప్రభుత్వం 281 కోట్ల డాలర్లకు తాఖీదు పంపింది. కంపెనీ పై కోర్టుకు వెళతానన్నది.

ఎవరిది న్యాయమని నేనిక్కడ చెప్పబోవటం లేదు. రెండూ ఒకే సముద్రం, ఒకే ఒండ్రు. ఒకదానిలో మధ్యవర్తుల మాటను మన కోర్టు కొట్టివేయటానికి అధికారమే లేదు. రెండోదానిలో వున్నది, కొట్టివేసింది. ఆ తేడాకు మూలం చివరి పేజీలో ఒక వూరి పేరు. అత్తయ్య అడిగిన నా ప్లీడరీ అంతా ఆ వూరి పేరు చుట్టూ తిరిగేదే.

కుర్చీ లేని మనిషి

ఆ పొడుగాటి గదులలో యిరవైయేళ్ళు కూర్చున్నాను. బల్లకు ఒక పక్క ప్రభుత్వం, ఒక పక్క కంపెనీ. మూడో కుర్చీ ఎప్పుడూ వుండదు. 2010 మే 7న అంబానీ సోదరుల కంపెనీల గ్యాసు తగవులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది: గ్యాసు ప్రజల సొత్తు, ప్రభుత్వం దానికి ధర్మకర్త. ఆ ముగ్గురిలో ఒకరు మన తెలుగువారు, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డిగారు. సొత్తు ప్రజలదే. తగవులో కుర్చీ మాత్రం ప్రజలకు లేదు.

వృత్తి తగ్గించుకొని బందరు తిరిగి వచ్చాక గుడివాడ దగ్గర పల్లె నుంచి ఒక కుర్రాడు నా దగ్గరకు వచ్చాడు. రెండున్నర ఎకరాలు. చేలో అడుగున గ్యాసు పైపు వేశారు. చేపల చెరువు తవ్వుకుందామంటే కుదరదన్నారట. "మా భూమి మాది కాదా బాబాయిగారూ?" అని అడిగాడు.

1962 నాటి చట్టం వున్నది. పైపు పోయే పట్టీమీద భూమి రైతుదే. కంపెనీకి వాడుకొనే హక్కు మాత్రమే. ఆ పట్టీలో ఇల్లు కట్టరాదు, చెరువుగాని బావిగాని తవ్వరాదు, చెట్లు నాటరాదు. దున్ని వరి వేసుకోవచ్చు. ఈ హక్కుకు గాను ప్రకటన నాటి భూమి ధరలో నూటికి పది. పంటకు, చెట్టుకు జరిగిన నష్టం వేరు. ఆ కుర్రాడి తండ్రి ఆ నూటికి పదీ పుచ్చుకొని, అన్నీ ముట్టాయనుకొని వేలిముద్ర వేశాడు. కాలవగట్టు కొబ్బరిచెట్ల నష్టం లెక్కలోకే రాలేదు.

అధికారి కట్టిన నష్టం సరిపోలేదనిపిస్తే జిల్లా జడ్జిని అడగవచ్చునని అదే చట్టంలో వున్నది. లండను కాదు, కౌలాలంపూర్ కాదు. గుడివాడలో బస్సెక్కితే దిగేచోట, మన బందరు జిల్లా కోర్టులో.

బీరువాలోంచి నల్లకోటు తీసి దులిపాను. చేతులు కొంచెం బిగుతయ్యాయి. వేసుకొని వెళ్ళి, కొబ్బరిచెట్ల లెక్క చెప్పాను. వచ్చింది పెద్ద మొత్తమేమీ కాదు. కోట్ల డాలర్లు పలికిన నోటితో పదమూడు కొబ్బరిచెట్లని పలుకుతుంటే నాకే కొత్తగా వుండింది. ఆ సాయంత్రం అత్తయ్యకు ఫోను చేసి, "ఇవాళ కోర్టుకు వెళ్ళానత్తయ్యా" అని చెప్పాను. "బతికావు" అన్నది.

ఇళ్ళలో వుండే మీకు ఈ కథంతా ఎందుకంటే, ఇప్పుడు చివరి పేజీ లేని కాగితం లేదు. ఇంటిమీద సూర్యరశ్మి పలకలు పెట్టించుకొన్నా, ఫ్లాటు కొన్నా, రొయ్యల మేతకు కంపెనీతో ఒప్పందం రాసుకొన్నా, అప్పు పుచ్చుకొన్నా, తగాదా వస్తే మధ్యవర్తి తీరుస్తాడని ఒక పేరా వుంటుంది. మధ్యవర్తిని ఎవరు ఎన్నుకోవాలి? ఏ వూళ్ళో? ఎవరి ఖర్చుమీద? ఈ మూడూ సంతకానికి ముందు అడగండి. అవతలివారు ఒక్కరే ఎన్నుకొంటామంటే ఒప్పుకోకండి. దూరపు వూరు రాసి వుంటే దగ్గర వూరు రాయమనండి. అడిగితే చాలాసార్లు మారుస్తారు. 2021 డిసెంబరు 18న హైదరాబాదులోనే అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం ప్రారంభమయింది. దాన్ని తలపెట్టిన జస్టిస్ ఎన్.వి. రమణగారు అప్పుడు దేశానికి ప్రధాన న్యాయమూర్తి. ఆయన స్వగ్రామం పొన్నవరం అప్పటికి మన కృష్ణాజిల్లాలోదే. పెద్ద వ్యాపారాలవారికి కూడా సముద్రాలు దాటనక్కరలేని వీలు ఒకటి వచ్చిందన్నమాట.

మొన్న సంక్రాంతికి ముందు గుడివాడ మిల్లుకు వెళ్ళాను. ఆయనకు ఎనభై నాలుగు. వాలుకుర్చీలో కూర్చుని వడ్ల బస్తాలు లెక్క పెట్టిస్తున్నాడు. మిల్లు కప్పుమీద సూర్యరశ్మి పలకలు పరిపించాలని మనుమడి సరదా. కంపెనీ పంపిన ఒప్పందం తెచ్చి నా చేతికిచ్చాడు. నలభై పేజీలు.

నేను కళ్ళజోడు సర్దుకొని మొదటి పేజీ మీద చెయ్యి పెట్టబోయాను.

"చిన్న ప్లీడరుగారూ," అన్నాడు పెద్దాయన, బస్తాల మీదినుంచి చూపు తిప్పకుండానే, "అటునుంచి తిప్పండి."